ఎంబీబీఎస్ దరఖాస్తు: నీట్ ఫారం నుంచి కాలేజీలో చేరే దాకా జరిగే తప్పులు, వాటిని తప్పించుకునే దారి

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో మార్కుల గురించి అడిగేవి తక్కువ. "ఓబీసీ సర్టిఫికెట్ నిరుడు తీసింది, చెల్లుతుందా?" "అమ్మాయి ఇంటర్ విజయవాడలో చదివింది, తెలంగాణలో లోకల్ కిందికి వస్తుందా?" "ఆప్షన్లు పెట్టాం, లాక్ నొక్కడం మర్చిపోయాం, ఇప్పుడెలా?" అన్నీ ఇలాంటివే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, పనులు జరగాల్సిన వరుసలోనే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

ఎలా చదవాలి, ఏ కోచింగ్ మంచిది అన్నవి ఇందులో ఉండవు. తెచ్చుకున్న ర్యాంకు కాగితాల దగ్గర చేజారకుండా చూసుకోవడం వరకే ఇక్కడి విషయం.

1. దరఖాస్తు ఒకటి కాదు, మూడు

చాలామంది ఇళ్లలో ఉండే అపోహ ఇది: నీట్‌కి అప్లై చేశాం కాబట్టి మెడికల్ సీటుకి అప్లై చేసినట్టే. కాదు. నీట్ కేవలం అర్హత పరీక్ష. సీటు కోసం వేరే చోట్ల మళ్లీ పేరు నమోదు చేసుకోవాలి.

- మొదటిది నీట్ ఫారం. నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ(ఎన్‌టీఏ)కి వెళ్తుంది. మామూలుగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో.
- రెండోది ఎంసీసీ (కేంద్ర మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) రిజిస్ట్రేషన్. దేశంలోని ప్రభుత్వ కాలేజీల 15 శాతం ఆలిండియా కోటా సీట్లు, ఎయిమ్స్, జిప్‌మర్, డీమ్డ్ యూనివర్సిటీల సీట్లు ఇక్కడ నింపుతారు.
- మూడోది రాష్ట్ర రిజిస్ట్రేషన్. తెలంగాణకు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం. మిగిలిన 85 శాతం ప్రభుత్వ సీట్లు, ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లు వీటి చేతిలో ఉంటాయి.

ప్రైవేటు కాలేజీల్లో బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా), ఎన్ఆర్ఐ సీట్లకు ఇవే విశ్వవిద్యాలయాలు విడిగా నోటిఫికేషన్ ఇస్తాయి. కన్వీనర్ కోటాకు అప్లై చేసినంత మాత్రాన దానికి కూడా చేసినట్టు కాదు.

ఒక చోట ఇచ్చిన వివరం ఇంకోచోటికి దానంతటది వెళ్లదు. కానీ మూడు చోట్లా రాసింది ఒకదానికొకటి సరిపోవాలి. తప్పుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఈ రెండు వాక్యాల మధ్యే.

2. జనవరిలో పేరు పని చూడండి

అన్నిటికంటే ముందు టెన్త్ మెమో తీసి బల్ల మీద పెట్టండి. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే అన్ని చోట్లా అలాగే ఉండాలి.

మన దగ్గర ఇంటిపేరుతో వచ్చే తలనొప్పి అంతా ఇంతా కాదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో పేరు ముందు వచ్చి, ఇంటిపేరు చివర ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. కుల ధ్రువపత్రంలో 'సాయి' ఒక స్పెల్లింగుతో, ఇంటర్ మెమోలో ఇంకో స్పెల్లింగుతో కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లకి అవన్నీ ఒకే అబ్బాయి. సర్టిఫికెట్లు పరిశీలించే మనిషికి మాత్రం రెండు పేర్లు.

ఏం చేయాలంటే:

- ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమో ప్రకారం మార్పించండి. ఫొటో, వేలిముద్రలు చిన్నప్పటివైతే అవి కూడా కొత్తగా ఇవ్వండి. ఫారం తెరవక ముందే ఆధార్ సరిచేసుకోమని ఎన్‌టీఏ కూడా చెబుతోంది.
- తప్పు టెన్త్ మెమోలోనే ఉంటే చదివిన స్కూలు ద్వారా బోర్డుకు దరఖాస్తు పెట్టాలి. దీనికి టైమ్ పడుతుంది కాబట్టి ముందు మొదలుపెట్టాల్సింది ఇదే.
- తల్లి పేరు కూడా చూడండి. పెళ్లికి ముందు ఇంటిపేరు ఒకచోట, తర్వాతి ఇంటిపేరు ఇంకోచోట ఉండటం మామూలే.

చిన్న తేడాలకు అఫిడవిట్ ఇస్తే ఒప్పుకునే సందర్భాలు ఉన్నాయి. దాన్నే నమ్ముకుని కూర్చోకండి. కౌన్సెలింగ్ గడువు రెండు రోజులున్నప్పుడు నోటరీ కోసం తిరగడం కంటే, జనవరిలో ఆధార్ సెంటర్లో ఒక పూట నిలబడటం నయం.

3. నీట్ ఫారం నింపేటప్పుడు

ఫోన్ నంబరు, మెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్లో ఫారం నింపించే వాళ్లలో కొందరు సెంటర్ అతని మెయిల్, అతని నంబరు ఇచ్చేస్తారు. ఆ పూటకి పని అయిపోతుంది. నాలుగు నెలల తర్వాత ఓటీపీ అతనికి వెళ్తుంది, అతను షాపు మూసి ఊరెళ్లి ఉంటాడు. అమ్మదో నాన్నదో, కౌన్సెలింగ్ అంతా అయ్యేదాకా మారని నంబరు ఇవ్వండి. పాస్‌వర్డ్, అప్లికేషన్ నంబరు పుస్తకంలో రాసి పెట్టండి. ఫోన్ పోయినా పుస్తకం ఉంటుంది.

ఫొటో. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్, ముఖం స్పష్టంగా, రెండు చెవులూ కనిపించాలి. పాత ఫొటోని ఫోన్‌తో మళ్లీ ఫొటో తీసి ఎక్కించకండి. స్టూడియోలో తీయించి సాఫ్ట్ కాపీ తీసుకోండి, అవే ప్రింట్లు ఓ పాతిక వేయించండి. పరీక్ష రోజు, కౌన్సెలింగ్‌లో, కాలేజీలో చేరేటప్పుడు అదే ఫొటో వాడితే పోలికల గొడవ రాదు.

మాధ్యమం. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ వస్తుంది. కానీ తెలుగు ఎంచుకుంటే పరీక్ష కేంద్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనే పడుతుంది. బెంగళూరులోనో చెన్నైలోనో చదువుతూ అక్కడే సెంటర్ కావాలనుకునేవాళ్లు ఇది గమనించాలి. తెలుగు అనువాదంలో సందిగ్ధత వస్తే ఇంగ్లిష్ పాఠమే ప్రామాణికం. ఇంటర్ ఇంగ్లిష్ మీడియంలో చదివి, 'మాతృభాష కదా, తేలిగ్గా ఉంటుంది' అని తెలుగు పెట్టిన పిల్లలు పరీక్ష హాల్లో 'కిరణజన్య సంయోగక్రియ' దగ్గర ఆగిపోతారు. ఏ భాషలో పాఠం విన్నారో ఆ భాషే పెట్టండి.

వయసు. ప్రవేశం పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. గరిష్ఠ పరిమితి లేదు. ఒక క్లాసు ముందు చేర్పించిన పిల్లల విషయంలో ఇది ముందే లెక్క చూసుకోవాలి.

గడువు ముగిశాక సవరణలకు కొద్ది రోజులు అవకాశం ఇస్తారు. అయితే అన్ని గళ్లూ తెరుచుకోవు, ఏవి మార్చవచ్చో ఆ ఏడాది బులెటిన్‌లో ఉంటుంది. 'తర్వాత మార్చుకుందాంలే' అని ఏ గడినీ ఊరికే నింపకండి.

సబ్‌మిట్ కొట్టే ముందు ఇవి చూడండి:

- పేరు, పుట్టిన తేదీ టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిపోయాయా
- కేటగిరీ సరైనదేనా (దీని మీద కిందే వివరంగా ఉంది)
- ఫొటో, సంతకం ఒకదాని గడిలో ఒకటి పడలేదు కదా
- ఫీజు కట్టాక కన్‌ఫర్మేషన్ పేజీ వచ్చిందా

ఆఖరిది ముఖ్యం. ఖాతాలో డబ్బు కట్ అయినంత మాత్రాన ఫారం వెళ్లినట్టు కాదు. కన్‌ఫర్మేషన్ పేజీ రాకపోతే దరఖాస్తు లేనట్టే. ఆఖరి రోజు రాత్రి కాకుండా కనీసం వారం ముందు పూర్తి చేయమని చెప్పేది అందుకే.

4. కేటగిరీ: బీసీ వేరు, ఓబీసీ వేరు

నాకు తెలిసి ఎక్కువ మంది దెబ్బతినే చోటు ఇదే. కొంచెం నిదానంగా చదవండి.

మన రాష్ట్రాల్లో బీసీ-ఏ, బి, సి, డి, ఇ అని గ్రూపులున్నాయి. ఇవి రాష్ట్ర జాబితాలు. నీట్ ఫారంలో అడిగే 'ఓబీసీ నాన్ క్రీమీలేయర్' (ఓబీసీల్లో సంపన్న శ్రేణి కిందికి రానివాళ్లు) కేంద్ర జాబితాది. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ కానక్కర్లేదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీగా కేంద్ర జాబితా ఉంటుంది. మీ కులం పేరు అందులో వెతకండి. లేకపోతే నీట్ ఫారంలో జనరల్ అనే పెట్టాలి. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో మాత్రం మీ బీసీ గ్రూపు మీకు ఉంటుంది, దానికి రాష్ట్ర కుల ధ్రువపత్రం చాలు.

దీనికి తలకిందులైన తప్పు కూడా జరుగుతుంది. కేంద్ర జాబితాలో ఉండి, సర్టిఫికెట్ చేతిలో లేదని జనరల్ పెట్టేస్తారు. ఆ తర్వాత ఎంసీసీలో ఓబీసీ అడగడానికి కుదరదు.

సర్టిఫికెట్ తేదీ. రాష్ట్ర కుల ధ్రువపత్రం ఒకసారి తీసుకుంటే ఏటా మార్చనక్కర్లేదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ (ఏ రిజర్వేషన్ లేని పేద కుటుంబాల కోటా) అలా కాదు. అవి ఆదాయంతో ముడిపడినవి, ఆర్థిక సంవత్సరం మారితే కొత్తవి కావాలి. ఫిబ్రవరిలో ఫారం నింపేటప్పుడు చూపిన కాగితం జూలైలో కౌన్సెలింగ్‌కి పాతదైపోతుంది. అందుకే నీట్ రాసిన మర్నాడే మీసేవకో, ఆంధ్రలో అయితే సచివాలయానికో వెళ్లి ఏప్రిల్ 1 తర్వాతి తేదీతో కొత్తది పెట్టుకోండి. ఫలితాలు వచ్చాక వెళ్తే అందరూ అప్పుడే వస్తారు, తహసీల్దార్ ఆఫీసులో ఫైళ్లు పేరుకుపోతాయి.

నమూనా కూడా చూడాలి. ఎంసీసీకి కేంద్ర ప్రభుత్వ నమూనాలోని సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తులోనే 'కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల కోసం' అని చెప్పి తీసుకోండి.

ఆదాయం లెక్క. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ రెండింటికీ 8 లక్షలే పరిమితి కాబట్టి రెండూ ఒకటే అనుకుంటారు. క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఉద్యోగుల విషయంలో వాళ్ల హోదాను బట్టి విడిగా చూస్తారు. ఈడబ్ల్యూఎస్‌కు మాత్రం జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలిపి 8 లక్షల లోపు ఉండాలి. పైగా కేంద్ర నిబంధనల్లో 5 ఎకరాలు, ఆపైన వ్యవసాయ భూమి ఉంటే ఈడబ్ల్యూఎస్ రాదు. జీతం 8 లక్షలు దాటిందని ఓబీసీ వదిలేసుకున్న చిన్న ఉద్యోగుల కుటుంబాలు ఉన్నాయి. మీరే తీర్మానించుకోకుండా తహసీల్దార్ ఆఫీసులో అడగండి.

ఎస్సీ విద్యార్థులకు ఒక మాట. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. పాత సర్టిఫికెట్లో గ్రూపు ఉండదు. గ్రూపు పేర్కొన్న కొత్త ధ్రువపత్రం తీసి పెట్టుకోండి.

వికలాంగుల కోటా, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, సైనికోద్యోగుల పిల్లల కోటా ఉన్నవాళ్లు ఆ కాగితాలు మొదటి రిజిస్ట్రేషన్‌లోనే ఎక్కించాలి. వికలాంగుల కోటా సర్టిఫికెట్ ఏ బోర్డు ఇచ్చినా సరిపోదు. ఎంసీసీకి అది గుర్తించిన కేంద్రాల నుంచే తేవాలి, అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడానికి రోజులు పడుతుంది.

5. లోకల్, నాన్ లోకల్

రాష్ట్ర సీట్లకు స్థానికులుగా లెక్కకొచ్చేవాళ్లే లోకల్. తెలంగాణలో 2024 జూలైలో ఇచ్చిన జీవో 33తో ఈ లెక్క మారింది. అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలోనే చదివి ఉండాలి. దీని మీద కోర్టుల్లో కేసులు నడిచాయి. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. బయట పనిచేసే తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లల వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటికి సర్వీసు కాగితాలు చూపాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం అని రెండు లోకల్ ఏరియాలు. రాయలసీమతో పాటు నెల్లూరు కూడా ఎస్వీయూ కిందికే వస్తుంది. ఇది తెలియక నెల్లూరు పిల్లలు గుంటూరు కటాఫ్ చూసుకుని బెంగపడతారు.

ఒక ఉదాహరణ. అబ్బాయి టెన్త్ దాకా ఖమ్మంలో చదివాడు, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేర్పించారు. తెలంగాణలో వరుస నాలుగేళ్లు లేవు కాబట్టి అక్కడ లోకల్ కాడు. ఆంధ్రలో రెండేళ్లే చదివాడు కాబట్టి అక్కడా లోకల్ కావడం కష్టం. సొంతూళ్లో ఓటు, ఇల్లు, రేషన్ కార్డు అన్నీ ఉన్నా ఈ లెక్కలో అవి పనికిరావు. టెన్త్ అయిన పిల్లలున్న ఇళ్లలో హాస్టల్ ఫీజు కట్టేముందు మాట్లాడుకోవాల్సిన సంగతి ఇది. ఇంటర్ అయిపోయాక చేయగలిగింది తక్కువ.

స్టడీ సర్టిఫికెట్లు ఆరు నుంచి ఇంటర్ దాకా అన్ని ఏళ్లకూ కావాలి. ప్రతి దానిలో ఏ తరగతి, ఏ విద్యా సంవత్సరం, ఊరు, మండలం, జిల్లా ఉండాలి. మధ్యలో స్కూలు మూతపడి ఉంటే మండల విద్యాధికారి దగ్గర రికార్డులు ఉంటాయేమో అడగండి. స్కూలుకు వెళ్లకుండా ప్రైవేటుగా రాసినవాళ్లు ఆ ఏళ్లకి తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

6. ఇంటర్ కాలేజీతో లెక్కలు తేల్చుకోండి

కార్పొరేట్ కాలేజీల్లో ఫీజు బాకీ ఉంటే టీసీ ఇవ్వరు. జూన్‌లో పట్టించుకోకుండా ఆగస్టులో సీటు వచ్చాక పరిగెత్తితే, ఆ బాకీకి అప్పుడు చెప్పే అంకె వేరుగా ఉంటుంది. ఇంటర్ ఫలితాలు రాగానే టీసీ, ఒరిజినల్ మెమో, స్టడీ సర్టిఫికెట్ ఒకేసారి తీసుకోండి. టీసీ మీద పేరు, పుట్టిన తేదీ అక్కడే చదివి చూడండి. తప్పుంటే ఆ కౌంటర్ దగ్గరే దిద్దించడం తేలిక.

మార్కుల అర్హత కూడా మర్చిపోవద్దు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వాళ్లకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు 40 శాతం ఉండాలి. ఇంగ్లిష్ పాసై ఉండాలి. నీట్ ధ్యాసలో పడి ఇంటర్ పరీక్షను తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

ఇంటర్ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ తీసుకున్నవాళ్లకి గ్యాప్ ఎందుకొచ్చిందో చెప్పే డిక్లరేషన్ అడగవచ్చు. అది సిద్ధంగా ఉంచుకోండి.

7. ఫలితాల తర్వాత: రెండు రిజిస్ట్రేషన్లు

2025లో పరీక్ష మే 4న జరిగితే ఫలితాలు జూన్ 14న వచ్చాయి. ఆ తర్వాత నోటిఫికేషన్లు ఎప్పుడైనా రావచ్చు. వాట్సాప్ గ్రూపుల మీద ఆధారపడకుండా ఎంసీసీ, మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లు రోజూ పొద్దున, సాయంత్రం చూడండి. గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌లలో నిరుటివి కూడా ఉంటాయి, తేదీ చూడందే నమ్మవద్దు.

నీట్‌లో 'క్వాలిఫై' అయ్యాం కాబట్టి సీటు వచ్చేస్తుందనుకోవద్దు. జనరల్‌కు 50వ పర్సంటైల్ (రాసినవాళ్లలో సగం మంది కంటే పైన), రిజర్వుడు వర్గాలకు 40వ పర్సంటైల్ దాటితే అర్హత వచ్చినట్టు, అంతే. అలాగని ర్యాంకు తక్కువని రిజిస్ట్రేషన్ మానుకోకండి. చివరి రౌండ్లలో పరిస్థితి మారినప్పుడు పేరు నమోదు లేనివాళ్లకు దారి ఉండదు.

ఎంసీసీలో ఆలిండియా కోటాకి జనరల్ వాళ్లు 1,000 రూపాయల ఫీజు, 10,000 డిపాజిట్ కట్టాలి. రిజర్వుడు వర్గాలకు 500, 5,000. డీమ్డ్ యూనివర్సిటీలకైతే ఫీజు 5,000, డిపాజిట్ 2 లక్షలు. డిపాజిట్ తిరిగి వచ్చేది ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాలోకే. నెట్ సెంటర్ వాళ్ల కార్డుతోనో, తెలిసినవాళ్ల ఖాతా నుంచో కడితే నెలల తర్వాత ఆ డబ్బు కోసం వాళ్ల చుట్టూ తిరగాలి. నాన్న ఖాతా నుంచే కట్టండి, ఆ ఖాతా మూసేయకండి.

రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఎక్కించాల్సినవి:

- నీట్ ర్యాంకు కార్డు, హాల్‌టికెట్
- టెన్త్ మెమో, ఇంటర్ మెమో
- ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు
- టీసీ
- కుల ధ్రువపత్రం, వర్తిస్తే ఈడబ్ల్యూఎస్, మైనారిటీ, ప్రత్యేక కోటా కాగితాలు
- ఫీజు రీయింబర్స్‌మెంట్ అడిగేవాళ్లకి ఆదాయ ధ్రువపత్రం
- ఆధార్, ఫొటో, సంతకం

ఫోన్‌తో తీసిన నీడ పడ్డ ఫొటోలు వద్దు. స్కానర్‌తో, వెనకవైపు ముద్ర ఉంటే ఆ పేజీ కూడా కలిపి, ఒరిజినల్ నుంచి స్కాన్ చేయండి. ఎక్కించాక ప్రతి ఫైలూ తెరిచి చూడండి. కాగితం సరిగా లేకపోతే మళ్లీ పంపమని మెసేజ్ వస్తుంది, ఆ గడువు చాలా తక్కువ ఉంటుంది.

తర్వాత ప్రొవిజనల్ మెరిట్ లిస్టు పెడతారు. అందరూ నంబరు చూసి సంతోషించి మూసేస్తారు. మీ పేరు పక్కన లోకల్ ఏరియా, కేటగిరీ సరిగా పడ్డాయా అన్నది చూడాలి. తప్పుంటే అభ్యంతరం చెప్పుకునే అవకాశం అప్పుడే.

8. వెబ్ ఆప్షన్లు: ఇష్టం వరుసలోనే పెట్టండి

కంప్యూటర్ చేసే పని సూటిగా ఉంటుంది. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల మొదటి ఆప్షన్ నుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి కాలేజీ ఇచ్చేస్తుంది. 'రాదేమో' అనుకున్న కాలేజీని పైన పెడితే కింది కాలేజీ అవకాశం తగ్గదు. ఇది అర్థం కాకే ఎక్కువ మంది నష్టపోతారు.

ఒక అమ్మాయికి ఉస్మానియా మెడికల్ కాలేజీ కావాలి. నిరుటి కటాఫ్ చూసి 'మనకి అందదు' అని నిజామాబాద్ మొదట, ఉస్మానియా రెండు పెట్టారు. ఆ ఏడాది కటాఫ్ జారింది, ఆమె ర్యాంకుకి రెండూ ఖాళీగా ఉన్నాయి. కంప్యూటర్ నిజామాబాద్ ఇచ్చింది. జాబితాలో దాని కింద ఉన్న ఉస్మానియాను ఇక చూడనే లేదు.

పద్ధతి ఇలా పెట్టుకోండి:

1. కాగితం మీద కాలేజీల జాబితా రాయండి, కోడ్‌లతో సహా. పేర్లు దగ్గరగా ఉన్న ప్రైవేటు కాలేజీలు చాలా ఉన్నాయి.
2. ఇంటికి దూరం, ఆస్పత్రిలో రోగుల రద్దీ, కాలేజీ పాతదా కొత్తదా, ఫీజు, హాస్టల్ చూసి ఇష్టం ప్రకారం అంకెలు వేయండి. నా మట్టుకు నేను పాత ప్రభుత్వ కాలేజీలనే పైన పెట్టమంటాను: గాంధీ, ఉస్మానియా, కాకతీయ, అటు ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, రంగరాయ, కర్నూలు. వార్డుల్లో రోగులను చూస్తేనే చదువు ఒంటబడుతుంది.
3. ఫీజు కట్టలేని కాలేజీని, చేరే ఉద్దేశం లేని కాలేజీని జాబితాలో పెట్టకండి. 'ఊరికే ఉండనీ' అని పెట్టినదే చాలాసార్లు వస్తుంది.
4. అలాగని ఐదారు పెట్టి ఆపకండి. చేరడానికి సిద్ధమైనవన్నీ పెట్టండి.
5. ఇద్దరు కూర్చోండి. ఒకరు కాగితం చదవాలి, ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూడాలి.
6. సేవ్ చేసి, ఓటీపీతో లాక్ చేసి, ప్రింటు తీసుకోండి.

ఎంసీసీలో లాక్ చేయకపోయినా గడువు ముగిశాక సేవ్ అయిన ఆప్షన్లు వాటంతట అవే లాక్ అవుతాయి. సేవ్ చేయనివి పోతాయి. ఒక రౌండులో పెట్టిన ఆప్షన్లు తర్వాతి రౌండుకి రావు, ప్రతిసారీ కొత్తగా పెట్టాలి. రెండో రౌండులో ఏమీ పెట్టకుండా 'అప్‌గ్రేడ్ (ఇంతకంటే మెరుగైన సీటుకి మారడం) అడిగాం కదా' అని కూర్చునేవాళ్లు ఏటా కనిపిస్తారు.

వేరే రాష్ట్రాల కాలేజీలు పెట్టేముందు అక్కడి బాండ్ నిబంధన చదవండి. కొన్ని రాష్ట్రాల్లో కోర్సు అయ్యాక ప్రభుత్వ సర్వీసు తప్పనిసరి, చేయకపోతే లక్షల్లో కట్టాలి.

9. సీటు వచ్చాక: ఏ రౌండులో ఏం పోతుంది

ఎంసీసీలో మొదటి రౌండులో వచ్చిన సీటులో చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండులో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండులో చేరకపోతే డిపాజిట్‌తో పాటు తర్వాతి రౌండ్ల అవకాశమూ పోతుంది. ఆఖరి స్ట్రే రౌండులో (మిగిలిపోయిన సీట్లు నింపే రౌండు) వచ్చిన సీటు వదిలేస్తే మరుసటి ఏడాది నీట్ రాయకుండా నిషేధం పడుతుంది. స్ట్రేలో చేరే ఉద్దేశం లేని కాలేజీ ఒక్కటి కూడా పెట్టకండి. రాష్ట్ర రౌండ్లకు ఎవరి నిబంధనలు వాళ్లవి, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో 'చేరకపోతే' అన్న పేరా వెతికి చదవండి.

అప్‌గ్రేడ్‌కి ఒప్పుకుంటే, కొత్త సీటు రాగానే పాతది రద్దయిపోతుంది. కొత్తది నచ్చలేదని వెనక్కి రావడం కుదరదు. ఇప్పుడున్న కాలేజీయే బాగుందనుకుంటే అప్‌గ్రేడ్ వద్దని స్పష్టంగా చెప్పండి.

ఆలిండియా కోటాలో ఒక సీటు, రాష్ట్రంలో ఒక సీటు వస్తే రెండూ పట్టుకోవడం కుదరదు. చేరినవాళ్ల జాబితాలు ఎంసీసీ, రాష్ట్రాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. మొదటి రౌండులో చేరిన ఆలిండియా సీటు వదులుకోవాలంటే గడువులోపు కాలేజీకి వెళ్లి ఆన్‌లైన్‌లో రాజీనామా నమోదు చేయించి, ఆ లెటర్ తీసుకోండి. కాలేజీ వాళ్లకి తెల్ల కాగితం మీద రాసిచ్చి వస్తే వదులుకున్నట్టు కాదు.

10. ఫోన్ చేసే దళారులు

ఫలితాలు వచ్చిన రెండో రోజు నుంచే వీళ్ల ఫోన్లు మొదలవుతాయి. 'మేనేజ్‌మెంట్‌లో సీటు ఉంది, అడ్వాన్సు కడితే బ్లాక్ చేస్తాం' అంటారు. ప్రైవేటు కాలేజీల బి కేటగిరీ సీట్లు, డీమ్డ్ సీట్లు కూడా కౌన్సెలింగ్ ద్వారానే నింపుతారు. సీటు 'బ్లాక్' చేసే అధికారం ఎవరికీ లేదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన అలాట్‌మెంట్ లెటర్ లేకుండా ఒక్క రూపాయి కట్టకండి.

విదేశాల్లో చదివించాలనుకున్నా నీట్ అర్హత ఉండాల్సిందే. ఆ కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ బోధన, అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉందో లేదో చూడండి. 2021 నవంబరు నుంచి ఇక్కడ ప్రాక్టీసుకి ఈ నిబంధనలు వర్తిస్తున్నాయి. ఏజెంటు చూపించే బ్రోషర్‌లో ఇవి ఉండవు.

11. చేరే రోజు

అలాట్‌మెంట్ వచ్చాక ముందు విశ్వవిద్యాలయం ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి అలాట్‌మెంట్ లెటర్ దింపుకోవాలి. ఆ తర్వాతే కాలేజీకి వెళ్లాలి. గడువు ఆఖరి రోజు సాయంత్రం దాకా ఆగకండి, కాలేజీ ఆఫీసు మూసే టైమ్ వేరే ఉంటుంది.

ఒరిజినల్స్ కాలేజీ దగ్గరే ఉండిపోతాయి. ఇచ్చేముందు అన్నీ కలర్ స్కాన్ చేసి, నాలుగైదు సెట్లు జిరాక్స్ తీయించండి. స్కాలర్‌షిప్‌కి, బ్యాంకు లోన్‌కి, హాస్టల్‌కి మళ్లీ మళ్లీ అడుగుతారు.

ఏయే ఒరిజినల్స్ తీసుకున్నారో రాసిన రసీదు అడగండి. కొన్ని చోట్ల అడిగితే తప్ప ఇవ్వరు. కాలేజీ వాళ్లు ఆన్‌లైన్‌లో మీరు చేరినట్టు నమోదు చేశారా, అడ్మిషన్ లెటర్ సిస్టమ్ నుంచే వచ్చిందా అన్నది మీ కళ్లతో చూడండి. చేతిరాత రసీదు ఇచ్చి 'రేపు ఎక్కిస్తాం' అంటే, ఎక్కించేదాకా అక్కడే కూర్చోండి.